సుకన్య స్టోన్స్

నెల మొదటి తారీకు. దోసకాయ పప్పుకి తాలింపు వేస్తున్నాను. మా ఆయన రామబ్రహ్మం ఎప్పటిలాగే చెక్కుబుక్కు తెచ్చి పొయ్యి పక్కన గట్టు మీద పరిచాడు. "పెట్టు, ఒక పది కాయితాలు. లారీ అతను గేటు కాడ నిలబడున్నాడు" అన్నాడు. పసుపు చెయ్యి కొంగుకి తుడుచుకుని పది ఖాళీ చెక్కుల మీద పది సంతకాలు పెట్టాను. ఎవరికి ఎంత ఇచ్చాడో సాయంత్రం ఆయన చెబితే నేనే పుస్తకంలో రాస్తాను. ముందు మాత్రం అడగను. తొమ్మిదేళ్ళుగా ఇదే వరస. తాలింపు మాడిన రోజులున్నాయి గాని సంతకం వంకరపోయిన రోజు లేదు.

ఆ రోజు చెక్కులు చించుకుంటూ ఆయన ఒక మాటన్నాడు.

"నీ కూతురికి చెప్పు, ఎంబీయే లేదు గింబీయే లేదని. అది చదివి ఏం చేసుద్ది? లెక్కలు రాసుద్ది. నువ్వు రాయట్లా? నీకేమన్నా పదిహేడు లక్షలు పోశారా మీ వాళ్ళు?"

చెక్కులు జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. పెళ్ళయిన ఇరవై నాలుగేళ్ళలో నా పని గురించి ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి మెప్పు అది. అది కూడా నా కూతురి కాళ్ళకి అడ్డం వెయ్యడానికి పనికొచ్చింది. పప్పులో ఉప్పు వేశానో లేదో గుర్తులేక రెండోసారి వేశాను. ఆ పూట ఇంటిల్లిపాదీ ఉప్పు కషాయం తిన్నారు. నాకేం బాధ కలగలేదు.

మాది మాచర్ల. ఊరు దాటాక రోడ్డు పక్కన నాపరాళ్ళ యార్డు ఉంది మాకు. క్వారీ నుంచి రాయి వస్తుంది, కోసి, పాలిష్ పట్టి అమ్ముతాం. ఇల్లు ఆ యార్డు వెనకే. లారీ రాగానే టేపు పట్టి అడుగులు కొలిచేది నేను. పగిలినవి, బీటలిచ్చినవి పక్కన పెట్టించి తరుగు రాసేది నేను. శనివారం కూలోళ్ళ బట్వాడా లెక్క కట్టేది నేను, ఫోనులో జీఎస్టీ బిల్లు కొట్టేది నేను, బాకీదార్లకి ఫోన్లు చేసి "అన్నయ్యా, ఈ వారమన్నా చూడండి" అని బతిమాలేది నేను. మధ్యలో మూడు పూటలా వంట, అత్తగారికి షుగర్ ఇంజెక్షను. మా ఆయన ఏం చేస్తాడంటే, ముందున్న కుర్చీలో కూర్చుంటాడు. వచ్చినవాళ్ళు ఆయన్ని ఓనరు గారూ అంటారు. నన్ను చూసి, "అమ్మా, కాసిని మంచినీళ్ళు" అంటారు.

ఆ కుర్చీకి సరిగ్గా పైన బోర్డు. సుకన్య స్టోన్స్. అడుగెత్తు ఎర్రటి అక్షరాలు. మొదట్లో శ్రీ చెన్నకేశవ స్టోన్స్ అని ఉండేది. తొమ్మిదేళ్ళ కిందట దాన్ని దించి నా పేరు ఎక్కించాడు. పెళ్ళాం మీద ఎంత ప్రేమో అని ఊరంతా అనుకున్నారు. మా రెంటచింతల చుట్టాలయితే పనిగట్టుకుని వచ్చి బోర్డు కింద నిలబడి ఫోటోలు దిగారు. జరిగిందేమిటంటే, మిషన్ల కోసం ఆయన పేరు మీద తెచ్చిన అప్పు ఎగ్గొట్టి, చివరికి సగానికి సెటిల్మెంట్ చేసుకున్నాడు. ఇంక ఆయన పేరు మీద ఏ బ్యాంకూ రూపాయి ఇవ్వదని నరసరావుపేట ఆడిటర్ అమరేశ్వరరావు గారు చెప్పారు. "చెల్లెమ్మ పేరున పెట్టేయండి బావగారూ, ఏ గొడవా ఉండదు" అన్నారు. ఏ గొడవా ఉండదని ఎలా చెప్పగలిగాడో ఆ మహానుభావుడు! నన్ను చూసే అని ఉంటాడు. నేను కాగితాలు చదవకుండా వాళ్ళు వేలు పెట్టి చూపించిన చోటల్లా సంతకం పెట్టాను. పేరు గొప్ప ఊరు దిబ్బ అంటారు చూడండి, ఆ పేరూ ఆ దిబ్బా రెండూ నేనే.

నా పనికి ఖరీదెంతో నాకు తెలిసింది డెంగీ వచ్చినప్పుడు. నెల రోజులు మంచం దిగలేదు. నా పని చెయ్యడానికి కోటేశ్వర్ అనే గుమాస్తాని పెట్టారు. అతను వంట చెయ్యలేదు, ఇంజెక్షన్ వెయ్యలేదు, ఆరింటికి తాళం ఇచ్చి పోయేవాడు. నెల తిరగ్గానే పద్నాలుగు వేలు లెక్కపెట్టి ఇచ్చారు. లేచి తిరుగుతున్నాక నవ్వుతూనే అడిగాను, "నాకూ ఇవ్వొచ్చుగా ఆ పద్నాలుగు వేలు" అని. "ఎహె, ఇంటోళ్ళకి జీతమేందే?" అన్నాడాయన. ఆ మాటకి మా అత్తగారు నరసమ్మ గారు మంచం మీంచే కిసుక్కున నవ్వింది.

ఇంతకీ శిరీష సంగతి. మా చిన్నది. నరసరావుపేటలో బీకాం చేసింది, అక్కడే ఒక ఫైనాన్సు ఆఫీసులో పదిహేను వేలకి ఏడాది పని చేసింది. రోజూ బస్సులో పోయి వస్తూ, ఆ బస్సులోనే చదువుకుని పరీక్ష రాసింది. హైదరాబాదులో మంచి పేరున్న కాలేజీలో ఎంబీయే సీటు తెచ్చుకుంది. రెండేళ్ళకి ఫీజూ హాస్టలూ కలిపి పదిహేడు లక్షలు. ఆ కాలేజీ బ్యాంకు వాళ్ళ లిస్టులో ఉంది కాబట్టి ఆస్తి తాకట్టు అక్కర్లేదు, సంపాదన ఉన్న తల్లో తండ్రో పక్కన సంతకం పెడితే చాలు. మొదటి వాయిదా కట్టడానికి మూడు వారాల గడువిచ్చారు.

మా ఆయన లెక్క వేశాడు. మా యార్డులో లెక్కలన్నీ రాళ్ళ మీదే, సుద్దముక్కతో. గేటు దగ్గర నిలబెట్టిన నల్లరాయి మీద, కూలోళ్ళందరూ చూస్తుండగా, పెద్ద పెద్ద అంకెలు వేశాడు. పదిహేడు లక్షలు. చదువయ్యేసరికి వడ్డీతో ఇరవై. నెలకి వాయిదా ఇరవై ఆరు వేల నాలుగొందలు, పదేళ్ళు. "ఇరవై లచ్చలు పెడితే ఇంకో పాలిష్ మిషన్ వచ్చిద్ది. అది పొద్దస్తమానం తిరుగుద్ది, పెళ్ళి చేసుకుని పోదు. దీనికి రేపు పెళ్ళయితే జీతం ఆళ్ళకి, అప్పు మనకి. ఏమ్మా, నేను చెప్పింది తప్పా?" అని రాళ్ళు మోసే కరుణమ్మని అడిగాడు. ఆమె ఏం చెబుతుంది పాపం, తట్ట ఎత్తుకుని పోయింది.

మా పెద్దాడు వెంకట సాయికి ఏ రాయి మీదా లెక్క వెయ్యలేదు. విజయవాడలో ఇంజనీరింగుకి మేనేజ్‌మెంట్ సీటు, నాలుగేళ్ళకి పదకొండు లక్షలు, పొలం ఎకరం అమ్మి కట్టారు. ఆరు సబ్జెక్టులు ఇంకా మిగిలే ఉన్నాయి. వాడు బుల్లెట్ మీద వచ్చి అన్నం తిని పోతుంటాడు. "ఆడికేందే, మగపిల్లోడు, ఎట్టాగో బతుకుతాడు" అంటుంది మా అత్తగారు. మగపిల్లాడు ఎట్టాగో బతుకుతాడని పదకొండు లక్షలు పోశారు. ఆడపిల్ల బాగా బతుకుతానంటే రాయీ సుద్దముక్కా తెచ్చారు. నాకు మండుకొచ్చింది. రెంటచింతల దాన్ని, పుట్టుకతోనే ఎండని మింగినదాన్ని. కానీ మంట వేరు, లెక్క వేరు. అప్పు అప్పే. ఆయన వేసిన అంకెల్లో అబద్ధం లేదు, అదే నన్ను నిద్ర పోనివ్వలేదు.

మర్నాడు మధ్యాహ్నం కట్టింగ్ షెడ్డులో శిరీషని కూర్చోబెట్టాను. అది ఫోనులో కాలేజీ వాళ్ళ కాగితం చూపించింది. "సగటున పదకొండు లక్షల జీతం అమ్మా, చూడు!" అంది. నేను నవ్వాను. "ఒసేయ్, రాళ్ళ లాటులో మంచి రాయి పైన పెట్టి అడుగున పగుళ్ళు పెట్టేది మన వ్యాపారమే. సగటు నాకొద్దు. అందరికంటే అడుగునున్నోళ్ళకి ఎంతొచ్చిందో చెప్పు."

దానికి కోపం వచ్చింది. "నువ్వు కూడా నాన్నలాగే మాట్లాడుతున్నావు. నేను అడుగున ఉంటాననేగా?"

"ఉంటావని కాదే. ఉన్నా బతకగలవా అని. లారీ దిగేటప్పుడు తరుగు ముందే తీస్తే తర్వాత ఏడుపుండదు."

మూతి ముడుచుకునే ఆ కాలేజీలో చదివిన ముగ్గురు సీనియర్లకి ఫోన్ చేసింది. అడుగున ఉన్నవాళ్ళకి ఆరున్నర లక్షలట. చేతికి నెలకి నలభై ఆరు వేలు. అందులో వాయిదా ఇరవై ఆరు వేల నాలుగొందలు తీస్తే పందొమ్మిది వేల ఆరొందలు. హైదరాబాదులో హాస్టలు, తిండి, బస్సులు పదహారు వేలు. మూడు వేల చిల్లర మిగిలింది. ఒక జ్వరం వస్తే అది కూడా ఉండదు.

"ఇక్కడ పదిహేను వేలేగా అమ్మా. ఏడాదికి వెయ్యి పెంచుతారు. సగం బస్సుకీ టిఫినుకీ పోయిద్ది" అంది శిరీష. దాని గొంతులో ఇప్పుడు కోపం లేదు. "అక్కడ మొదటి మూడేళ్ళు కష్టం, తర్వాత పెరిగిద్ది. ఇక్కడ మొదటి మూడేళ్ళూ ఇంతే, తర్వాతా ఇంతే. ఆ తర్వాత ఎవరో ఒకళ్ళ యార్డులో..."

ఆగిపోయింది. నా మొహం చూసి, "అమ్మా, నిన్ను కాదు" అంది.

నన్నే. నన్నే అని నాకూ తెలుసు, దానికీ తెలుసు. కానీ గుండెలో గుచ్చుకున్న ఆ మాటతోనే నాకు లెక్క తేలింది. చదువుకి ఎంత ఖర్చవుతుందో అందరూ వేశారు. చదవకపోతే ఎంత ఖర్చవుతుందో ఎవరూ వెయ్యలేదు. నేను సుద్దముక్క తీసుకుని గేటు దగ్గరికి వెళ్ళాను. ఆయన అంకెల కింద, అంతే పెద్దగా, పద్నాలుగు వేలు అని రాశాను. నేను యార్డు పనిలో దిగి పందొమ్మిదేళ్ళు, అంటే రెండొందల ఇరవై ఎనిమిది నెలలు. ముప్ఫై ఒక్క లక్షా తొంభై రెండు వేలు. డెంగీ నెల తీసేసినా పెద్ద తేడా లేదు.

మా ఆయన భోజనం చేసి వస్తూ చూశాడు. "ఇదేంది?" అన్నాడు.

"నేను చదవకపోయినందుకు అయిన ఖర్చు."

ఆయన చెప్పు కాలితో నా అంకెల్ని తుడిచాడు. తన అంకెల జోలికి పోలేదు. "ఇదిగో, చెబుతున్నా. నేను సంతకం పెట్టను. నా సంతకం లేకుండా ఏ బ్యాంకోడు ఇస్తాడో నేనూ చూస్తా" అని కుర్చీలో కూర్చున్నాడు. కరుణమ్మ దూరం నుంచి నా వంక చూసింది. నాకు కళ్ళలో నీళ్ళొచ్చాయి, రాతి దుమ్ము పడినట్టు తుడుచుకున్నాను.

గడువు ఇంకా పదకొండు రోజులుంది. సోమవారం అత్తగారికి ఇంజెక్షన్ వేసి, కుక్కర్ దించి, శిరీషని తీసుకుని బ్యాంకుకి వెళ్ళాను. ఆశతో వెళ్ళానని చెప్పను. లేదని వాళ్ళ నోటితో వింటే పిల్ల నన్ను తప్పు పట్టదని వెళ్ళాను. లోన్ల సీట్లో నిఖత్ అనే అమ్మాయి ఉంది, మా శిరీష కంటే అయిదారేళ్ళు పెద్దదేమో. ఫారం నింపి ఇచ్చాను. ఆమె నా పాన్ నంబరు కొట్టి, స్క్రీను వంకా ఫారం వంకా రెండుసార్లు చూసింది.

"మేడం, వృత్తి దగ్గర గృహిణి అని రాశారేంటి?"

"మరేం రాయాలమ్మా?"

"మీరు సుకన్య స్టోన్స్ ప్రొప్రైటర్ కదా. మూడేళ్ళ రిటర్నులున్నాయి మీ పేరు మీద. పోయినేడాది ఆదాయం ఏడు లక్షల పన్నెండు వేలు." స్క్రీను నా వైపు తిప్పింది.

నా పేరు. నా పాన్. ఏడు లక్షల పన్నెండు వేలు. ఫోను రీఛార్జికి మూడొందలడిగితే, "మొన్నే గదా ఏయించా?" అనిపించుకున్న మనిషిని నేను. ఆ ఏడు లక్షలు సంపాదించింది నేనేనట, గవర్నమెంటు ఒప్పుకుంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నవ్వే వచ్చింది, గట్టిగానే. క్యాషు దగ్గర లైనులో ఉన్నవాళ్ళు తిరిగి చూశారు.

"మా ఆయన సంతకం పెట్టనన్నాడమ్మా" అన్నాను. "ఆయన పేరు మీద పాత అప్పొకటి సెటిల్మెంట్ అయ్యుంది కూడా."

"అయితే ఆయన సంతకం మాకు పనికిరాదు మేడం. పెడతానన్నా తీసుకోం. మీది చాలు."

ఇన్ని రోజులూ నా కూతుర్ని భయపెట్టిన ఆ సంతకం అసలు చెల్లని నోటు! శిరీష నా చెయ్యి పట్టుకుంది. నిఖత్ మాత్రం నవ్వలేదు. పెన్ను పక్కన పెట్టి, "ఒక మాట చెబుతాను, వినండి" అంది. "అమ్మాయికి ఉద్యోగం రాకపోయినా, వచ్చి కట్టకపోయినా, మేము మీ దగ్గరికే వస్తాం. పదేళ్ళు. బాగా ఆలోచించుకోండి. ఇంకోటి, చదువుతున్నన్నాళ్ళూ నెలనెలా వడ్డీ కట్టేస్తే అసలు పెరగదు. వాయిదా ఇరవై రెండున్నర వేలకి దిగుతుంది."

"వడ్డీ నెలకెంత?"

"మొదట్లో మూడున్నర వేలు. మొత్తం ఇచ్చాక పద్నాలుగు వేల చిల్లర."

పద్నాలుగు వేలు. చెప్పు కింద నలిగిన అంకె.

ఆ కాగితాలు ఆరు పేజీలు. ఒక్కో పేజీ చదివాను, అర్థం కాని చోట అడిగాను. నిఖత్ విసుక్కోలేదు. గృహిణి అన్న మాట కొట్టేసి, వ్యాపారం అని రాసి, పక్కన సంతకం పెట్టాను. నలభై నాలుగేళ్ళొచ్చాయి నాకు. చదివి పెట్టిన మొదటి సంతకం అదే.

సాయంత్రం నేనే చెప్పాను, దాచలేదు. ఆయన ఇల్లు పీకి పందిరేశాడు.

"నా వ్యాపారం కాయితాలు పెట్టి నాకు తెలీకుండా అప్పు తెచ్చుద్దా! రేపే పేరు మార్పిస్తా, చూస్తుండు" అని అప్పటికప్పుడు ఆడిటర్‌కి ఫోన్ కలిపాడు. నాకు వినపడాలని స్పీకర్ పెట్టాడు. అమరేశ్వరరావు గారు అంతా విని గొంతు సవరించుకున్నారు.

"మార్చొచ్చు బావగారూ. దానికి చెల్లెమ్మ సంతకం కావాల. అయినా మీ పేరు మీదికొస్తే ఆ పాత సంగతి పైకొచ్చిద్ది. ఆలోచించండి."

ఆయన ఫోన్ కట్టేశాడు. మా అత్తగారు మంచం మీద లేచి కూర్చుంది. "ఏమే, పేరు నీదయితే వ్యాపారం నీదయిద్దంటే? రేషను కార్డు ఇన్నేళ్ళు నా పేరునుండె. ఆ బియ్యమంతా నేనొక్కదాన్నే తిన్నానా?"

"తినలేదు అత్తయ్యా" అన్నాను. "వండావు."

ఆమె తన చేతులు చూసుకుంది. తర్వాత పడుకుని గోడ వైపు తిరిగింది. ఉన్న మాటంటే ఉలుకెక్కువంటారు, ఆమెకి మాత్రం ఉలుకు రాలేదు, ఇంకేదో వచ్చింది. ఆ పూట ఇంజెక్షన్ వేస్తుంటే నా చెయ్యి కొంచెంసేపు వదల్లేదు.

గడువుకి రెండు రోజుల ముందు లోను వచ్చింది. మొదటి వాయిదా బ్యాంకు నుంచి నేరుగా కాలేజీకి వెళ్ళిపోయింది. శిరీష పెట్టె సర్దుకుని హైదరాబాదు బస్సెక్కింది. బస్సు కదిలేటప్పుడు కిటికీలోంచి, "అమ్మా, నేను అడుగున ఉండను" అని అరిచింది. "ఉన్నా ఫరవాలేదే, తరుగు తీసేశాం" అని నేనూ అరిచాను.

మళ్ళీ ఒకటో తారీకు వచ్చింది. బెండకాయలు వేయిస్తున్నాను. మా ఆయన అన్ని రోజులుగా నాతో సరిగా మాట్లాడటం లేదు. అయినా ఒకటో తారీకు ఒకటో తారీకే. చెక్కుబుక్కు తెచ్చి గట్టు మీద పరిచి, ఎటో చూస్తూ, "పెట్టు" అన్నాడు.

నేను పొయ్యి ఆపేశాను. సబ్బుతో చేతులు కడుక్కున్నాను. చెక్కుబుక్కు తీసుకుని యార్డు ముందుకి నడిచి, బోర్డు కింద ఉన్న కుర్చీలో కూర్చున్నాను. ఆయన నా వెనకే వచ్చాడు. గేటు దగ్గర లారీ అతను బీడీ పారేసి మరీ చూస్తున్నాడు.

"చెప్పండి. ఎవరికి, ఎంత? నేనే రాసి ఇస్తాను" అన్నాను.

"నా మీద నమ్మకం లేదా?"

"ఇన్నాళ్ళూ నమ్మకంతోనే పెట్టాను. ఇప్పుడు చదివి పెడుతున్నాను. చెప్పండి, లారీ అతను నిలబడున్నాడు."

ఆయన లారీ అతని వంక చూశాడు, కరుణమ్మ వంక చూశాడు, పళ్ళు కొరుక్కుంటూ ఒక్కొక్కటే చెప్పాడు. క్వారీకి ఇంత, డీజిలుకి ఇంత, కరెంటుకి ఇంత. ఒక్కొక్కటే రాసి, సంతకం పెట్టి, చించి ఇచ్చాను. అన్నీ అయ్యాక ఇంకొక్క చెక్కు రాశాను. దాన్ని చించి నా జాకెట్లో పెట్టుకోబోతుంటే లాక్కుని చూశాడు.

సుకన్య. పద్నాలుగు వేలు మాత్రమే.

"ఇదేందే?" అన్నాడు.

"జీతం" అన్నాను. చెక్కు తిరిగి తీసుకుని నాలుగు మడతలు పెట్టాను. "గుమాస్తా కోటేశ్వర్‌కి ఇచ్చిందే. ఇంటోళ్ళం గదా, పాత రేటే ఏశాను."